మణికట్టు దగ్గర ఆగిన బొమ్మ

నేను గీసినన్ని బొద్దింకలు ఎల్‌బీ నగర్‌లో ఇంకెవరూ గీసి ఉండరు. పెళ్ళైన కొత్తలో, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ వాళ్ళు తమ మెటీరియల్‌కి బొమ్మలు గీసే మనిషి కావాలంటే చేరాను. అప్పటినుంచీ బొద్దింక జీర్ణవ్యవస్థ, కప్ప గుండె, మందారపువ్వు నిలువుకోత, మనిషి మూత్రపిండం, ఇవే నా లోకం. మొదట్లో ట్రేసింగ్ కాయితం మీద నల్లసిరాతో గీసేదాన్ని, ఇప్పుడు కంప్యూటర్ మీద. మా ఆయన ఎవరికైనా నన్ను పరిచయం చేస్తూ "మా ఆవిడ ఆర్టిస్టు" అంటాడు. అలాగా, ఏం వేస్తారండీ అని వాళ్ళు ముచ్చటగా అడుగుతారు. కిడ్నీలు అని చెబుతాను. ఆ తర్వాత వాళ్ళు పిల్లలేం చదువుతున్నారని అడుగుతారు.

ఇన్నేళ్ళలో నా సొంత బొమ్మ అంటూ ఒక్కటీ పూర్తి చేయలేదన్న సంగతి నాకు పెద్దగా తట్టలేదు. తట్టేలా చేసింది ఇంటికి రంగులు వేయించే పని.

పోయిన ఎండాకాలం రంగులవాళ్ళు వచ్చి, అటక మీద సామాను దించితే తప్ప పని మొదలుపెట్టం అన్నారు. మా ఆయన స్టూలెక్కి ఒక్కొక్కటే అందిస్తుంటే నేను కింద పేరుస్తున్నాను. పనిచేయని మిక్సీ, ఎవరి పెళ్ళిలోనో ఇచ్చిన గోడ గడియారాలు, మూతల్లేని స్టీలు డబ్బాలు, డబ్బాల్లేని మూతలు దిగాయి. అన్నిటికన్నా వెనక నుంచి నా హాస్టల్ రోజుల రేకుపెట్టె దిగింది. అందులో బాటనీ పుస్తకం ఉంది. ఆ పుస్తకం మధ్యలో, కోచింగ్ పరీక్ష పేపరు వెనకవైపు పెన్సిలుతో గీసిన ఒక బొమ్మ ఉంది.

ఒక అమ్మాయి బల్ల మీద పుస్తకం తెరిచి పెట్టుకుని, దాని మీదే చెంప ఆనించి నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. జడ బల్ల అంచు దాటి కిందికి వేలాడుతోంది. వెనక కిటికీ ఊచలకి కట్టిన తాడు మీద బట్టలు ఆరుతున్నాయి. ఒక చెయ్యి తల కింద ఉంది, రెండో చెయ్యి బల్ల మీదికి చాపి ఉంది. ఆ చాపిన చెయ్యి మణికట్టు దాకా వచ్చి ఆగిపోయింది. తర్వాత ఏమీ లేదు, ఖాళీ కాయితం.

ఆ అమ్మాయి నా రూమ్మేటు. మేమిద్దరం ఇంటర్ అయ్యాక డాక్టరు సీటు కోసం దిల్‌సుఖ్‌నగర్‌లో ఏడాది కోచింగ్ తీసుకున్నాం. నేను తెనాలి దగ్గర నుంచి వచ్చాను, తను ఇబ్రహీంపట్నం అవతల ఒక పల్లె నుంచి వచ్చింది. మొదటి వారమంతా ఒకరి మాట ఒకరికి సరిగ్గా అర్థం కాలేదు. తను "గంజు" అంటే నేను అన్నం వార్చిన గంజి అనుకున్నాను, తను అడిగింది పెద్ద గిన్నె. తర్వాత తర్వాత అలవాటై, సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు నా నోటివెంట "జర" అని వచ్చేది, మా అమ్మ తల పట్టుకునేది.

మా రూమ్మేటుకి ఒక విద్య బాగా వచ్చు. ఎక్కడైనా నిద్రపోగలదు. క్లాసులో సరే, అందరం నిద్రపోతాం. తను సిటీ బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడి నిద్రపోయేది. బాత్రూము దగ్గర బకెట్ల వరసలో గోడకి ఆనుకుని నిద్రపోయేది. పుస్తకం తెరిచిందంటే మరీ సులువు. నేనేమో నిద్రపట్టక, చదవబుద్ధి కాక, కనబడ్డవన్నీ గీస్తుండేదాన్ని. అలా ఒక ఆదివారం మధ్యాహ్నం గీసిన బొమ్మ అది.

అది మణికట్టు దగ్గర ఎందుకు ఆగిందో కూడా నాకు బాగా గుర్తుంది. ఆదివారం మా హాస్టల్లో కోడికూర. గంట కొట్టాక ఆలస్యంగా దిగితే పులుసూ ఎముకలే మిగిలేవి. గంట మోగింది. పిడుగు పడినా లేవని మనిషి ఆ గంటకి మాత్రం లేచి కూర్చుని, చెప్పులు తొడుక్కుని నాకన్నా ముందు మెట్లు దిగింది. బొమ్మ ఆగిపోయింది. ఆ తర్వాత పరీక్షలొచ్చాయి, ఇద్దరికీ సీటు రాలేదు, ఎవరి ఊరికి వాళ్ళం వెళ్ళిపోయాం.

రంగులవాళ్ళు హాల్లో గోడలకి లప్పం పూస్తుంటే నేను వంటింట్లో నిలబడి ఆ కాయితాన్నే చూస్తూ ఉండిపోయాను. బాగుంది. నా బొమ్మే నాకు బాగుండటం కొత్తగా అనిపించింది. గీత మీద గీత లేకుండా, భయం లేకుండా గీసినట్టుంది. ఇప్పుడైతే అంత సులువుగా గీయగలనా అనిపించింది. దీన్ని పెద్దగా, రంగుల్లో, పూర్తి బొమ్మగా వేస్తానని మా ఆయనతో చెప్పాను. ముందు అన్నం వండమన్నాడు, నాలుగయింది మరి.

ఇంటి రంగుల పని అయ్యాక కాన్వాసు కొన్నాను, ఆక్రిలిక్ రంగులు కొన్నాను. చిన్న బొమ్మని పెద్దది చేయడం నాకు వెన్నతో పెట్టిన విద్య. చిన్నదాని మీద గళ్ళు కొట్టి, కాన్వాసు మీద పెద్ద గళ్ళు కొట్టి, ఏ గడిలో గీత ఆ గడిలోకి దించేయడమే. బొద్దింకల్ని ఇలాగే గోడ చార్టులకి ఎక్కించాను. శ్రద్ధగా అన్నీ దించాను. పుస్తకం, జడ, కిటికీ, ఆరేసిన బట్టలు. మా ఆయన్ని పిలిచి చూపించాను. చాలాసేపు చూశాడు.

"బాగుంది. కానీ పార్టుల పేర్లు రాయలేదేం?" అన్నాడు.

కోపం వచ్చింది గానీ, దూరం నుంచి చూస్తే ఆయన అన్నది నిజమే. ముక్కుకి ఒక బాణం, జడకి ఒక బాణం పెట్టి, పక్కన పేర్లు రాస్తే పరీక్షకి పనికొచ్చేలా ఉంది. కాయితం మీద నిద్రపోతున్న పిల్ల కాన్వాసు మీదికి వచ్చేసరికి కళ్ళు మూసుకుని ఉంది, అంతే.

పైగా చెయ్యి లేదు. కాయితంలో లేని చేతిని ఎక్కడి నుంచి దించను? నా ఎడం చేతినే బల్ల మీద పెట్టి చూస్తూ గీశాను. నాది బక్క చెయ్యి, ఆ బొద్దు బుగ్గల పిల్లకి అతకలేదు. పైగా మెలకువలో ఉన్న చెయ్యి, ఎంత వదులుగా పెడదామన్నా ఏదో అందుకోబోతున్నట్టే ఉంది. మా ఆయన్ని కూర్చోబెట్టి గీస్తే లేడీస్ హాస్టల్లో రోమాల చెయ్యి వచ్చింది. అప్పుడు చెరిపేసి, ఇక అసలు మనిషి దగ్గరికే పోవాలని నిర్ణయించుకున్నాను.

అసలు మనిషి ఎక్కడో లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఉంది. చెబితే నవ్వుతారు, లేడీస్ హాస్టల్ నడుపుతోంది. పెళ్ళయ్యాక భర్త కొత్తపేట పండ్ల మార్కెట్‌లో వ్యాపారం చేసుకుంటుంటే, ఊరికే ఇంట్లో కూర్చోవడం ఎందుకని ఒక అంతస్తు కిరాయికి తీసుకుని మొదలుపెట్టింది. ఇప్పుడు బిల్డింగంతా తనదే. మేం చీరల షాపుల్లోనో పెళ్ళిళ్ళలోనో ఎదురుపడేవాళ్ళం. ఫోన్ చేస్తానే అని తనూ, నేనే చేస్తానే అని నేనూ అనుకుని, ఇద్దరం చేయకుండానే ఏళ్ళు గడిపేశాం. మెట్రోలో మూడో స్టేషన్లో ఉన్న మనిషి.

కాయితాన్ని ప్లాస్టిక్ ఫోల్డరులో పెట్టుకుని వెళ్ళాను. మెట్రో దిగి, పుస్తకాల దుకాణాల సందులోంచి నడిస్తే హాస్టల్ వస్తుంది. తను కింద ఆఫీసు గదిలో ఉంది. ఒక చెవి దగ్గర ఒక ఫోను, బల్ల మీద మోగుతూ ఇంకో ఫోను. వాటర్ ట్యాంకర్ వాడితో మాట్లాడుతూనే నన్ను కూర్చోమని సైగ చేసింది. ఈలోగా ఒక అమ్మాయి వచ్చి గీజరు పనిచేయడం లేదని చెప్పింది, ఇంకొక అమ్మాయి పెరుగు పుల్లగా ఉందని చెప్పింది. ఇద్దరికీ కళ్ళతోనే జవాబు చెప్పి పంపింది.

ఖాళీ అయ్యాక ఫోల్డరు ఆమె ముందు పెట్టాను. కళ్ళజోడు పైకి జరిపి చూసింది.

"గీ పిల్ల నేనేనా? గింత సన్నగున్ననా?" అంది. తర్వాత కాయితాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతుర్లో చూసింది. "ఎంత మంచిగ పండుకున్ననే."

ఆ గొంతులో ఏదో తేడా ఉందనిపించి, ఇప్పుడు మాత్రం నిద్రకి ఏం లోటు అని నవ్వుతూ అడిగాను. లోటేనని చెప్పింది. నాలుగైదేళ్ళ కింద ఒక పిల్లకి జ్వరం ఎక్కువై ఫిట్స్ వస్తే, పక్క గది పిల్లలు తన ఫోనుకి చేశారట. ఫోను సైలెంట్‌లో ఉంది, తను ఎప్పటిలాగే మొద్దు నిద్రలో ఉంది. పిల్లలే ఆటో మాట్లాడి దవాఖానకి తీసుకుపోయారు. ఆ పిల్లకి ఏమీ కాలేదు, తర్వాత చదువుకుని ఉద్యోగం కూడా చేస్తోంది. కానీ ఆ రోజు నుంచి తన చెవులు మూసుకోవడం మానేశాయి. ఫోను చేతిలో పట్టుకునే పడుకుంటుంది. ఏ మూల తలుపు చప్పుడైనా లేస్తుంది. దానికి తోడు పండ్ల మార్కెట్ ఊరవతల బాటసింగారానికి పోయాక, భర్త తెల్లారకముందే బయలుదేరతాడు, ఆయనతో పాటే లేవాలి.

"డాక్టర్ గోలీలు రాసిండు. ఏస్కుంటలేను. గోలీ ఏస్కొని పండుకుంటే, ఫోనొస్తే ఎట్ల?" అంది.

కాయితాన్ని తిరిగి అందుకుని ఫోల్డరులో పెట్టాను. వచ్చిన పని చెప్పాను. ఈ బొమ్మ పూర్తి చేయాలనుకుంటున్నానని, చెయ్యి దగ్గర ఆగిపోయానని, ఒక గంట వచ్చి కూర్చుంటే చాలని. తనకి కూర్చునే టైం ఎక్కడిదంది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లలంతా సినిమాలకీ షాపింగులకీ పోతారు కదా అన్నాను. ఆలోచించి, ఒస్తా గానీ ఫోన్ మాత్రం బంద్ పెట్టనని ముందే చెప్పింది.

ఆదివారం పట్టుచీర కట్టుకుని వచ్చింది. జుట్టుకి రంగు వేసుకుంది, మల్లెపూలు పెట్టుకుంది, పార్లరుకి కూడా వెళ్ళొచ్చినట్టుంది. డైనింగ్ బల్ల దగ్గర కుర్చీలో పాస్‌పోర్టు ఫొటోకి కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంది. నాకు కావలసింది చెయ్యి మాత్రమేనే తల్లీ అంటే, మొహం కూడా మంచిగ ఎయ్ అంది. సరే, బల్ల మీద చెయ్యి పెట్టమన్నాను. పెట్టింది. ఫోను మోగింది. చెయ్యి లేచింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ మోగింది. ఆ రోజు నా కాయితం మీద ఫోను పట్టుకున్న చేతులు ఏడెనిమిది పడ్డాయి.

ఆ పై ఆదివారం మామూలు కాటన్ చీరలో వచ్చింది, చేతిలో కూర గిన్నెతో. హాస్టల్ వంట కాదు, తనే వండింది, చింతచిగురు మటన్. మా ఆయన అది తిని, ఈ బొమ్మ ఎంత నెమ్మదిగా పూర్తయితే అంత మంచిదని తేల్చేశాడు. తిన్నాక ఫోన్లు, ఫోన్ల మధ్య కబుర్లు. పాత హాస్టల్ గోడ నీలం రంగని నేను, కాదు పచ్చ రంగని తను. ఇద్దరం ఏడాది పాటు అదే గోడని చూస్తూ చదివాం. చెయ్యి మాత్రం కుదరలేదు. చేతిలో ఫోను లేకపోయినా వేళ్ళు దాన్ని పట్టుకున్నట్టే ఉండేవి.

ఇంకో రెండు ఆదివారాలు కూడా అలాగే గడిచాయి. బొమ్మ సంగతి వదిలేద్దామా అనుకున్నాను. కానీ తను రావడం బాగుంది. తనకీ బాగున్నట్టుంది. వచ్చీ రాగానే చెప్పులు విప్పి, ఫ్యాను కింద కూర్చుని, "ఏం లేదే, ఊకె కూసుంట జరసేపు" అనేది.

ఆ తర్వాతి ఆదివారం వాన మొదలైంది. తొలకరి వాన, ఎండలకి కాగిపోయిన ఊరంతా ఒక్కసారి చల్లబడింది. తను తడిసి వచ్చింది. తువ్వాలు ఇచ్చాను. భోజనం అయింది. నేను వంటింట్లో గిన్నెలు సర్దుతూ ఏదో చెబుతున్నాను. ఊ అంటోంది. ఊ అంటోంది. తర్వాత ఊ రాలేదు.

వచ్చి చూస్తే బల్ల మీద పడి నిద్రపోతోంది. అప్పుడు పుస్తకం మీద, ఇప్పుడు నేను పరిచిన పాత పేపరు మీద. ఒక చెయ్యి తల కింద. రెండో చెయ్యి బల్ల మీదికి చాపి ఉంది, అందులో ఫోను. నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

నేను కదల్లేదు. మా ఆయన ఏదో అడగబోతే చెయ్యి అడ్డం పెట్టాను. అట్ట, కాయితం, చార్‌కోలు తెచ్చుకుని చప్పుడు చేయకుండా ఎదురుగా కూర్చున్నాను. తల గీత వేశానో లేదో ఫోను వణకడం మొదలుపెట్టింది. తను ఒక్కసారి మూలిగింది. గబుక్కున లేచి, ఆ వేళ్ళ మధ్య నుంచి ఫోను మెల్లగా లాగి మా ఆయన చేతిలో పెట్టాను. నువ్వే చూసుకో, బాల్కనీలోకి వెళ్ళు అని సైగ చేశాను. బ్యాంకులో మేనేజరుగా చేస్తున్న మనిషి, లోన్లు ఎగ్గొట్టేవాళ్ళతో మాట్లాడిన మనిషి, ఒక హాస్టల్ ఫోను ఎత్తడానికి నావైపు భయంగా చూశాడు. చూసి, వెళ్ళాడు.

నేను మళ్ళీ కూర్చున్నాను. ఫోను తీసేసినా ఆ చెయ్యి అలాగే వంగి ఉంది, లోపల ఫోను ఉన్నట్టే. బొటనవేలు అడ్డంగా, మిగతా వేళ్ళు దాని చుట్టూ. అలాగే గీద్దామని మొదలుపెట్టాను. గీస్తుండగానే అది మారుతోంది. ముందు చిటికెనవేలు వదులైంది. తర్వాత బొటనవేలు పక్కకి జారింది. ఎవరో ఒక్కొక్క ముడీ విప్పుతున్నట్టు, మెల్లగా, అరచెయ్యి పైకి తిరిగి తెరుచుకుంది. నేను గీసింది వదిలేసి, కొత్త కాయితం తీసుకుని మళ్ళీ గీశాను. గళ్ళు లేవు, కొలతలు లేవు. గాజుల ఒరిపిడికి మణికట్టు మీద పడిన నల్లటి చార, ఉంగరం పైన ఉబ్బిన వేలు, కూరలు తరిగి తరిగి చూపుడువేలి పక్కన పడిన గీతలు. నా చెయ్యి దాని మానాన అది పోతోంది. చాలా ఏళ్ళ తర్వాత గీస్తున్నప్పుడు నేనేం గీస్తున్నానో ఆలోచించలేదు.

బాల్కనీలోంచి మా ఆయన మాటలు సన్నగా వినబడుతున్నాయి. మోటారు స్విచ్చి ఎక్కడుందో ఎవరికో చెప్పలేకపోతున్నాడు. ఇంకెవరికో, పెరుగు విషయం నోట్ చేసుకున్నానండీ అంటున్నాడు. అంతలో చెమటలు కక్కుకుంటూ లోపలికొచ్చి ఫోను నా చెవి దగ్గర పెట్టాడు. సూర్యాపేట వైపు నుంచి ఒక తండ్రి. కూతురి ఫోను కలవడం లేదని హాస్టల్‌కి చేస్తే, ఆయనకి మగ గొంతు వినబడింది.

"ఎవలు నువ్వు? లేడీస్ హాస్టల్ల మొగోళ్ళేంది?" అని అరుస్తున్నాడు.

నల్లటి చేతులతో ఫోను పట్టుకుని బాల్కనీలోకి పరుగెత్తాను. నేను మేడం స్నేహితురాలినండీ, ఆయన మా ఆయనండీ, ఇది మా ఇల్లండీ అని చెప్పాను. మేడం ఏడున్నదని అడిగాడు. నిద్రపోతున్నారని నిజం చెప్పాను. పట్టపగలా అన్నాడు. ఇప్పటికి ఎన్నాళ్ళకో పడుకున్నారండీ, లేపలేనండీ అన్నాను. ఆ మాట ఎలా వినబడిందో గానీ ఆయన గొంతు తగ్గింది. నా ఫోన్లోంచి, హాస్టల్ ఆఫీసులో ఉండే రెండో ఫోనుకి చేసి, ఎవరో అమ్మాయిని పట్టుకుని, ఆ పిల్ల ఛార్జింగ్ అయిపోయి నిక్షేపంగా గదిలోనే ఉందని కనుక్కుని, తండ్రికి చెప్పాను. మేడంని లేపొద్దని చెప్పి ఆయనే పెట్టేశాడు.

వాన తగ్గేదాకా నిద్రపోయింది. లేచి, ముందు చేతికేసి చూసుకుంది. ఫోను లేదు. ఒక్క ఉదుటున నిలబడింది. మా ఆయన చేతులు కట్టుకుని, వచ్చిన ఫోన్లన్నీ వరసగా పాఠంలా అప్పగించాడు, మోటారు సంగతి, పెరుగు సంగతి, సూర్యాపేట సంగతి. అన్నీ విని మళ్ళీ కూర్చుంది.

"ఏం కాలేదా?" అని అడిగింది. ఏం కాలేదమ్మా అన్నాడాయన. "అన్నా, నీకు పుణ్యముంటది" అని, ఒక గ్లాసు నీళ్ళు అడిగింది.

బొమ్మ సంగతికి వస్తే, ఆ చెయ్యి తీసుకెళ్ళి కాన్వాసు మీది పిల్లకి అతికించాలని చూశాను. అతకలేదు. పద్దెనిమిదేళ్ళ మొహానికి నలభై దాటిన చెయ్యి. ఎవరి చెయ్యో పక్క నుంచి వచ్చి బల్ల మీద వాలినట్టుంది. చేతిని చిన్నదాని చేతిలా నున్నగా దిద్దబోయాను. దిద్దుతుంటే అది చచ్చిపోతోంది. మళ్ళీ నా పాత కిడ్నీల్లోకి వెళ్ళిపోతోంది. వారం రోజులు ఆ కాన్వాసు చుట్టూ తిరిగాను. ఆ తర్వాత తెలిసింది, నాకు కావలసింది ఆ పిల్ల కాదని. కానీ ఆ మొహం మీద తెల్లరంగు పూయడానికి చెయ్యి రాలేదు. వెళ్ళి టీ తాగొచ్చి పూశాను.

తిరిగి మొదటి నుంచి వేశాను. పాత కాయితంలో నుంచి తీసుకున్నది కూర్చున్న తీరు, వెనక కిటికీ, తాడు మీద బట్టలు. మనిషి మాత్రం ఇప్పటి మనిషి. ఒక చిక్కు వచ్చింది. పాత బొమ్మకి అందమంతా ఆ వేలాడే జడే. ఇప్పుడు తనకి జడ లేదు, క్లిప్పు పెట్టి పైకి ముడుస్తుంది. అక్కడంతా బోసిగా ఉంది. తడిసిన పమిట ఆ రోజు బల్ల అంచు మీంచి కిందికి జారి ఉండటం గుర్తొచ్చి, జడ ఉండాల్సిన చోట పమిట చెంగు వేశాను. గోడకి నీలమా పచ్చా అన్న తగువు తేలలేదు కనక రెండూ వేయలేదు. మా ఇంటికి కొత్తగా వేయించిన లేత పసుపు వేశాను. వానవెలుతురు కోసం అందులో కొంచెం బూడిదరంగు కలిపాను. చెయ్యి చివర్న వేశాను. ఒక్క పూటలో అయిపోయింది. మళ్ళీ ముట్టుకోలేదు.

మా ఆయన వచ్చి చూశాడు. ఈసారి జోకు వేస్తాడేమోనని చూస్తున్నాను. వేయలేదు. వాననీటి చప్పుడు వినబడుతున్నట్టుందే అన్నాడు. అన్నాక సిగ్గుపడి పేపరు తీసుకున్నాడు.

తను వచ్చిన ఆదివారం కాన్వాసు మీద దుప్పటి కప్పి ఉంచాను. తీశాను. దగ్గరికి వెళ్ళింది, వెనక్కి వచ్చింది, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"నోరు జర మూయకపోయినవా?" అంది ముందు. తర్వాత తన కుడిచెయ్యి చాచి బొమ్మలో చెయ్యి పక్కన పెట్టి చూసుకుంది. "గీ చెయ్యి ఖాళీగున్నది. నా చెయ్యి ఖాళీగ ఉండంగ నేనెన్నడు చూడలేదే."

కాన్వాసు మీంచి తీసిన దుప్పటి మడతపెట్టాను. ఆఫీసు గదిలో పెట్టుకుంటావా అని అడిగాను. వద్దంది. పిల్లల తల్లిదండ్రులు వచ్చి చూస్తే, ఈమే ఇలా పడుకుంటే మా పిల్లల్ని ఎవరు చూస్తారంటారని నవ్వింది. తన గదిలో పెట్టుకుంటానంది. అప్పుడే అడిగింది, మూలన నీ పేరేదని. నిజమే, పేరు రాయాలని తట్టనే లేదు. బొద్దింకల కింద ఎవరూ పేరు రాయరు. సన్న కుంచె తీసుకుని కుడివైపు కింద రాశాను. చిన్నప్పుడు పలక మీద రాసినంత జాగ్రత్తగా రాశాను. అయినా చివరి అక్షరం కొంచెం కిందికి జారింది. అలాగే వదిలేశాను.

దుప్పట్లో చుట్టి, ఆటోలో అడ్డంగా పెట్టుకుని తీసుకుపోయింది. సగం దారిలో ఫోన్ చేసింది, ఆటోవాడు బొమ్మ చూపించమన్నాడట, సిగ్నల్ దగ్గర చూపించిందట.

ఆ తర్వాత కూడా ఆదివారాలు వచ్చింది. బొమ్మ పేరు చెప్పి ఏమీ లేదు, తినడం, కాసేపు పడుకోవడం. ఫోను తనే తెచ్చి మా ఆయనకి అప్పగించేది. ఆయన కూడా రాటుదేలాడు. "హలో, లేడీస్ హాస్టల్, సెక్యూరిటీ ఇన్‌ఛార్జి మాట్లాడుతున్నానండీ" అని మొదలుపెట్టేవాడు. ఏ అంతస్తులో ఏ గీజరు ఎలా పనిచేస్తుందో ఆయనకి కంఠతా వచ్చేసింది.

మొన్నామధ్య ఒక ఆదివారం రాలేదు. మూడయింది, అన్నం చల్లారిపోయింది. ఫోన్ చేశాను. ఎత్తింది తను కాదు, ఎవరో అమ్మాయి. నా పేరు చెప్పి, ఆంటీ ఎక్కడమ్మా అని అడిగాను.

"పండుకున్నది ఆంటీ. ఫోన్ మా రూంల ఇచ్చి పోయింది. మీరు చేస్తే ఏం పరేషాన్ గావద్దని చెప్పమన్నది" అంది ఆ అమ్మాయి. లేపాలా అని అడిగింది.

వద్దన్నాను. మా ఆయనకి చెబితే, అయితే ఇవాళ నాకు డ్యూటీ లేదా అని కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. ఇద్దరం అన్నం తిన్నాం. తలుపులు దగ్గరగా వేసి, ఆ మధ్యాహ్నం నేనూ కాసేపు పడుకున్నాను.